డబ్బు కట్టి చేసే పరిశోధన వద్దు తల్లీ

ద్రాక్షారామం

అమ్మడికి తాతయ్య దీవించి రాయునది.

అమ్మమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది. మీ అమ్మ ఫోనులో చెప్పిన సంగతి విన్నప్పటి నుంచీ తాతయ్యకి మాత్రం మనసు కుదురుగా లేదు. హాస్టల్లో కూర్చునే చేసుకోవచ్చట, ఏదో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అట, దానికి ఎదురు నువ్వే ఫీజు కడతానన్నావట. చివర్లో ఒక సర్టిఫికెట్టు పంపిస్తారట. కట్టిన డబ్బు పోతే పోనీ తల్లీ, తాతయ్య పెన్షన్‌లోంచి ఇచ్చేస్తాడు. మూడో సంవత్సరం అయ్యాక వచ్చే వేసవిని మాత్రం ఎవరు తెచ్చిస్తారు?

క్రెడిట్ల కోసం ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక ఈ బేరం ఊరూరా పెరిగింది. ఇంతమంది పిల్లలకి చోటిచ్చే కంపెనీలు లేవు, అందుకని కాగితాలు అమ్ముడుపోతున్నాయి. నీ తప్పేం లేదు. కానీ ఒక్కటి ఆలోచించు. నీ దగ్గర ఫీజు పుచ్చుకున్నవాడికి నువ్వు చేసిన కొలతతో పని లేదు. డబ్బు అందిన రోజే వాడి పని అయిపోయింది. నీకు స్టైపెండిచ్చి పిలిచిన ప్రొఫెసరుకి ఆ కొలత కావాలి. అది తప్పితే ఆయన పేపరే తప్పుతుంది. అందుకని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతాడు. జీతం ఇవ్వకపోయినా పైసా అడగకుండా నిజమైన పని చూపించే ల్యాబులూ ఉన్నాయి, వాటికి తాతయ్య అడ్డు చెప్పడు.

భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అందరూ ఆయన మందుల గురించే చెబుతారు. తాతయ్యకి గుర్తుండేది మొదటి రోజులు. బోస్టన్ వెళ్లడానికి మామగారూ, కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థవారూ సాయం చేశారు. అది చాలక అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే చాకిరీ చేస్తూ చదువుకున్నారు. అలాంటి మనిషి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, నీలిరంగు ఎంత చిక్కగా వస్తే రక్తంలో అంత భాస్వరం ఉన్నట్టు లెక్కకట్టే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ కలిపే ఉన్నాయి. పగలంతా ప్రయోగశాల, రాత్రంతా చాకిరీ! నెలకింత అని ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ రాత్రులు కూడా ప్రయోగశాలకే దక్కేవి కదా అని తాతయ్యకి ఎప్పుడూ బాధే. చదువుకునే పిల్లలకి జీతమెందుకు అని మీ బాబాయి అన్నాడట, వాడికి ఈ సంగతి చదివి వినిపించు.

పిల్లలకి జీతమిచ్చే పద్ధతి కొత్తదేం కాదు. 1969లో అమెరికాలో ఎం.ఐ.టి.లో మార్గరెట్ మెక్‌వికార్ అనే ఆవిడ ఒక పథకం మొదలుపెట్టారు. డిగ్రీ ఇంకా చేతికి రాని పిల్లలు ప్రొఫెసర్ల ల్యాబుల్లో చేరి, జీతమో క్రెడిట్లో తీసుకుని పరిశోధన చేయవచ్చు. మన దేశంలో బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్న మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి. ఇంజనీరింగ్ పిల్లలూ పెట్టుకోవచ్చు. ఏం చేయాలనుకుంటున్నావో సొంత మాటల్లో రాయాలి, నిన్నెరిగిన మాస్టారు ఒకరు సిఫార్సు రాయాలి. హైదరాబాదు ఐఐటీ, మద్రాసు ఐఐటీ కూడా వేసవిలో బయటి కాలేజీల పిల్లలను తీసుకుంటాయి. మీ స్నేహితురాలు చెప్పిన అమెరికా ఆర్.ఇ.యు. పథకం జోలికి మాత్రం పోకు, ఆ డబ్బు అక్కడి పౌరులకీ శాశ్వత నివాసులకీ మాత్రమే. కెనడాలో మైటాక్స్ వారి గ్లోబలింక్‌కి మనవాళ్లు అర్హులు. 12 వారాల పని, విమానం ఖర్చు కూడా వాళ్లే పెట్టుకుంటారు. దాని గడువు మామూలుగా ముందు ఏడాది సెప్టెంబరులోనే, అంటే వినాయక చవితి పందిళ్లు తీసే రోజుల్లోనే అయిపోతుంది. వేసవి సంగతి వేసవిలో చూద్దామనుకుంటే ఏదీ దొరకదమ్మా.

ఇంతకీ అన్నం సరిగ్గా తింటున్నావా? పండక్కి వచ్చినప్పుడు చిక్కిపోయావని అమ్మమ్మ ఇప్పటికీ అంటోంది.

ఎక్కడ చేరినా ముందుగా ఒక నోటుపుస్తకం కొనుక్కో. స్పైరల్ వద్దు, కుట్టిన బైండు పుస్తకం. మొదటి రోజే ప్రతి పేజీకీ నంబరు వేసెయ్. పెన్సిలు ముట్టుకోవద్దు. తప్పు రాస్తే ఒకే గీత కొట్టు, కింద ఉన్న అంకె కనపడాలి. తేదీ, వేళ, ఆ రోజు ఎండో వానో కూడా రాయి. ఫోనులో ఫొటో తీశాను కదా అంటావు, ఆ ఫొటో ఎందుకు తీశావో వారం తర్వాత నీకే తెలియదు.

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీకి ఇంకా జేఎన్‌టీయూ పేరు రాని రోజుల్లో, తాతయ్య దసరా సెలవులకి ఒక కాలువ లాకు దగ్గర గేజి రాసే పనికి కుదిరాడు. దినకూలీ. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నీటిమట్టం చూసి రిజిస్టరులో ఎక్కించాలి. నాచు పట్టిన గేజి రాయి మీద అంకెలు సగం చెరిగిపోయి ఉండేవి. పడవ వెళ్లిందంటే నీళ్లు ఊగుతాయి. రెండు అలల మధ్య నీరు నిలిచే క్షణం కోసం గట్టు మీద గొంతుక్కూర్చుని చూడాలి. తోటి కుర్రాడొకడు సాయంత్రం అంకె మధ్యాహ్నమే రాసేసి సినిమాకి పోయేవాడు. ఒకరోజు పొద్దుగూకేలోపు కుంభవృష్టి కురిసి కాలువ జానెడు లేచింది. మర్నాడు ఓవర్సీరు గారు వచ్చి, గేజి రాయి మీద ఎండిన బురద చార చూశారు, రిజిస్టరు చూశారు. ఏమీ అనలేదు. ఆ కుర్రాడు అంతకు ముందు రాసిన పేజీలన్నిటికీ ఎర్రసిరాతో అడ్డంగా గీత లాగారు. ఒక్క అంకె అబద్ధమైతే నిజంగా చూసి రాసినవీ పనికిరాకుండా పోయాయి. తాతయ్య ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ గీత కళ్లముందే ఉంది.

మీ తాతయ్య ఒక్క పుస్తకం పట్టుకుని ఇంత దూరం లాగుతున్నాడని నవ్వుకోకు తల్లీ. గోదావరి జిల్లాల పంట పొలాలే చూడు. మార్టేరులో వరి పరిశోధన 1925లోనే మొదలైంది. 1982లో అక్కడి నుంచి వచ్చిన స్వర్ణ వరికి రైతులు పిలిచే పేరు 7029. ఎంటీయూ 7029 అని రాస్తారు. అక్కడివాళ్లు ఏ మడిలో ఏ వరస నాటారో ఏటా రాసుకోకపోతే అన్ని వరసల్లోంచి దాన్ని ఎలా ఏరి పట్టుకునేవారు?

నీది ఎలక్ట్రానిక్స్ కదా. సెన్సర్ల మీద ఆసక్తి ఉందని రాశావు. కోనసీమలో రొయ్యల చెరువుల దగ్గరికి ఒకసారి తెల్లవారుజామున వెళ్లు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకోవడంతో సూర్యోదయానికి ముందు డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి, రైతులు ఏరియేటర్ల దగ్గరికి పరిగెడతారు. ఉప్పునీటిలో పాచిపట్టినా సరిగ్గా చూపించే, రైతు కొనగలిగే మీటరు గురించి ఒక పేజీ రాయి. ఫెలోషిప్ దరఖాస్తులో అలాంటి పేజీ చదివితే ఏ ప్రొఫెసరైనా కాసేపు ఆగుతాడు. ఒకే మెయిలు వందమందికి పంపితే ఎవరూ ఆగరు.

చెరువుకి ఒక్కదానివే పోవద్దు, మీ మావయ్యని తోడు తీసుకెళ్లు.

ఆ ఫీజు ఇంకా కట్టకపోతే ఆపెయ్. కట్టేస్తే వదిలెయ్, దాని గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు, తాతయ్య చెప్పాడు. సిఫార్సు ఏ మాస్టారిని అడగబోతున్నావో రాయి. ల్యాబులో నీ పని దగ్గరుండి చూసినవారైతే మేలు. దరఖాస్తు చిత్తుప్రతి పంపితే తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని చదువుతాడు. బైండు పుస్తకాలు రెండు రామచంద్రపురంలో కొని ఉంచాడు, ఆదివారం మీ అమ్మ వచ్చేటప్పుడు పూతరేకులతో పాటు పట్టుకొస్తుంది.

ఆశీస్సులతో,
తాతయ్య