పొద్దస్తమానం ఆకురాయేనా?

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేసి ఈమధ్యే ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. రోజంతా ఫైలింగే. మిషన్ల దగ్గరికి రానివ్వడం లేదు. కాలం వృథా అవుతోందేమో!
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వృథా కాదు. ఫిట్టర్‌కి చెయ్యి కుదిరేది ఆకురాయి దగ్గరే. ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి పెట్టండి, వెనక్కి తీసేటప్పుడు వద్దు. తోపు మొదట్లో బరువు ముందు చేతి మీద, చివర్లో పిడి పట్టిన చేతి మీద ఉండాలి. లేకుంటే అంచులు అరిగి మధ్యలో ఉబ్బు మిగులుతుంది. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. వెలుగు కనిపించిన చోట పల్లం, కనిపించని చోట ఎత్తు. 0.02 మిల్లీమీటర్ల వరకూ చూపే వెర్నియర్ ఉన్నా, ముందు కుదరాల్సింది ఈ చూపే.

మిషన్ ఎక్కే రోజు వచ్చినప్పుడు చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు డ్రిల్లింగ్ దగ్గర వద్దు. చక్ కీ తీశాకే స్విచ్ వెయ్యండి.

1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం మీరు శిక్షణార్థి, కార్మికుడు కాదు. అయినా ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య, భద్రతా నిబంధనలు మీకూ వర్తిస్తాయి. పనిలో గాయపడితే పరిహారం అడిగే హక్కుంది.

ఏ రోజు పని ఆ రోజే డైరీలో రాసి సంతకం చేయించుకోండి. నెలలు గడిచినా పని మారకపోతే, శిక్షణ ప్రణాళికలో తర్వాతి విభాగం ఏమిటని ఇన్‌స్ట్రక్టర్‌ని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు, నేర్చుకోవడం మీ హక్కు.