లావెండర్ వేసేముందు

చి. బుజ్జికి,

గోండ్‌పిప్రిలో ఇంటి ముందు జాగా అంతా లావెండర్ వరుసలు వేస్తానంటున్నావని, గింజల ప్యాకెట్లు కూడా తెప్పించావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొక్కల మీద నీకు మనసు పుట్టినందుకు సంతోషమే బిడ్డా. ఆ వరుసల మాట మాత్రం మానుకో. కుండీలో పెంచుదువుగాని, ఎట్లాగో చెప్తా.

నువ్వు వీడియోల్లో చూస్తున్న ఊదారంగు పొలాలు ఎక్కువగా జమ్మూ ప్రాంతంలోని దోడా జిల్లా భదర్వాహ్‌వి. అక్కడ మక్క వేసుకునే రైతులకు సీఎస్‌ఐఆర్ పరిశోధన సంస్థ వాళ్లు అరోమా మిషన్ అనే పథకం కింద నారు ఇచ్చి ఈ పంట పట్టించారు. 2022లో లావెండర్ పండుగ కూడా చేశారు. అది చలికాలం మంచు పడే కొండసీమ. మీ చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 46 డిగ్రీలు దాటడం ఎవరికీ వింత కాదు.

అయినా ఈ మొక్కకు ఎండ కంటే వానాకాలమే పెద్ద గండం. మీది వార్ధా, వైన్‌గంగ నదుల నడుమ ఉన్న తాలూకా. వానలు మొదలైతే గాలిలోనే తడి. నల్లరేగడి ఒకసారి నానిందంటే ఓ పట్టాన ఆరదు. లావెండర్ పుట్టింది మధ్యధరా తీరపు రాతి గుట్టల మీద, దాని వేళ్లకు గాలి ఆడాలి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అప్పుడు చూడు తమాషా: కింది ఆకులు గోధుమరంగు తిరిగి, పైకొమ్మలు తలలు వాలుస్తాయి, అచ్చం దాహం వేసినట్టే. అయ్యో ఎండిపోతోందని ఇంకో చెంబు పోస్తారు. అంతటితో సరి. మొక్క వాలితే ముందు మట్టిలో వేలు పెట్టి చూడు. తడి తగిలితే చెంబు పక్కన పెట్టు.

రకం విషయంలో మొండిపట్టు వద్దు. అత్తరు నూనె తీసే ఇంగ్లిష్ లావెండర్‌కు చలి కావాలి, మీ ఊళ్లో అది నిలవదు. నర్సరీలో ఫ్రెంచ్ లావెండర్ అడుగు. ఆకు అంచు పట్టుకుని చూస్తే చిన్న చిన్న రంపపు పళ్లు కనిపిస్తాయి, నలిపితే కాస్త కర్పూరం వాసన. వేడిని అదే కొంత ఓర్చుకుంటుంది. గింజలు మొలవడానికి చాలా రోజులు తీసుకుంటాయి, ఇంగ్లిష్ రకానికైతే ముందు చలి తగలాలి. ఆ ప్యాకెట్ల మీద ఆశ పెట్టుకోకు.

దసరా దాటాక, వానలు పోయాక మొక్క తెచ్చుకో. పన్నెండు అంగుళాల మట్టి కుండీ చాలు, అడుగున చిల్లు పెద్దదిగా ఉండాలి. సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక, కొన్ని ఇటుక ముక్కలు, ఒక పిడికెడు బాగా మాగిన పశువుల ఎరువు. యూరియా జోలికి పోకు, ఆకు పెరుగుతుంది గాని పువ్వూ వాసనా రెండూ తగ్గుతాయి. కుండీ కింద పళ్లెం పెట్టకు. చలికాలమంతా రోజంతా ఎండ తగలనీ. పూలు అయిపోయిన కాడలను పచ్చని ఆకుల పైకి కత్తిరించు. కింద ఆకులేని ముదురు కొయ్య దాకా కోస్తే మళ్లీ చిగురు రాదు. ఎండాకాలం మధ్యాహ్నానికి తూర్పు గోడ నీడకు చేర్చి, పొద్దున్నే నీళ్లు పొయ్యి. మొదటి వాన పడగానే చూరు కిందికి జరుపు.

ఇంత చేసినా ఒక వానాకాలంలో పోతే బాధపడకు. అందుకే చలికాలంలోనే పువ్వు లేని లేత కొమ్మలు నాలుగంగుళాలవి తుంచి, కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చి ఉంచు. నెలా నెలన్నరలో వేళ్లు వేస్తాయి.

ఇంకో మాట. లావెండర్ పరిమళంలో ముఖ్యమైన లినలూల్ అనే పదార్థం మన ధనియాల నూనెలోనూ దండిగా ఉంది. అంతెందుకు, లావెండర్ కుటుంబపు అడవి మొక్క ఒకటి మన దక్కన్ రాతి నేలల్లో తనంతట తానే మొలుస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఇంటి ముందు జాగా నిండాలంటే దవనం వెయ్యి, మరువం వెయ్యి. జడలోకీ వస్తాయి, దేవుడికీ వస్తాయి.

లావెండర్ ఒక్క కుండీకి మించి కొనకు. మిగిలిన డబ్బుతో దవనం నారు తెచ్చుకో.

ఇట్లు,
మీ అత్తయ్య