పాదం ఎక్స్‌రేలో రెండు మిల్లీమీటర్లు

బైక్ స్కిడ్ అయి పాదం మెలిపడింది. వాపు ఉంది, ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు లేదు. ‘బెణికిందిలే’ అని కట్టు కట్టి పంపేసే ఇలాంటి కేసుల్లోనే పాదం మధ్య కీళ్ల గాయాలు దొరక్కుండా పోతుంటాయి. ఫ్రెంచ్ సర్జన్ జాక్ లిస్‌ఫ్రాంక్ పేరు మీద వీటిని లిస్‌ఫ్రాంక్ గాయాలంటారు. సకాలంలో పట్టుకోకపోతే పాదం వంపు కుంగిపోవచ్చు, కీళ్లు అరిగి జీవితాంతం నడక నొప్పిగా మారవచ్చు. ఇంటర్ బైపీసీ చదివి మెడికల్ ఇమేజింగ్ వైపు రావాలనుకునేవాళ్లు ఈ ఒక్క ఎక్స్‌రే సంగతి తెలుసుకుంటే ఈ పని లోతు అర్థమవుతుంది.

ఈ కీళ్ల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగినా, పడుకోబెట్టి తీస్తే ఎముకలు ఒక్కోసారి తమ చోటనే ఉన్నట్టు కనిపిస్తాయి. బరువు పడితేనే వాటి మధ్య సందు తెరుచుకుంటుంది. అందుకే వీలైనప్పుడల్లా పేషెంటును నిలబెట్టి, రెండు పాదాల మీదా సమంగా బరువు మోపించి తీస్తారు. పాదం పైనుంచి తీసే ఏపీ వ్యూలో ఎక్స్‌రే ట్యూబును మడమ వైపు 10 నుంచి 15 డిగ్రీలు వంచుతారు. ఆ ఫిల్ములో రెండో మెటాటార్సల్ లోపలి అంచు, మధ్య క్యూనిఫామ్ లోపలి అంచు ఒకే గీతలో ఉండాలి. ఏటవాలుగా తీసే ఆబ్లిక్ వ్యూలో నాలుగో మెటాటార్సల్‌కూ క్యూబాయిడ్‌కూ ఇదే లెక్క. మీడియల్ (లోపలి వైపు) క్యూనిఫామ్‌కూ రెండో మెటాటార్సల్ మొదలుకూ మధ్య ఎడం 2 మిల్లీమీటర్లు దాటినా, బాగున్న పాదంకంటే ఎక్కువగా ఉన్నా అనుమానించాలి. ఆ సందులో చిన్న ఎముక పలుకు కనిపిస్తే అనుమానం మరీ బలపడుతుంది. అప్పటికీ తేలకపోతే సీటీ, ఎమ్మారై ఉన్నాయి.

రిపోర్టు రాసేది రేడియాలజిస్టే. కానీ కంప్యూటర్ తెర మీద ఆయన గీసే కొలత నమ్మదగినదా కాదా అన్నది టెక్నీషియన్ పాదాన్ని పెట్టిన తీరులోనే తేలిపోతుంది. ట్యూబు వంపు తేడా వస్తే సందు కూడా వేరుగా కనిపిస్తుంది. బటన్ నొక్కే ఉద్యోగమని ఎవరైనా అంటే నేను అస్సలు ఒప్పుకోను.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెడికల్ ఇమేజింగ్‌లో డీఎంఐటీ డిప్లొమా ఉంది, డిగ్రీ కోర్సులూ ఉన్నాయి. చేరేముందు కాలేజీ గుర్తింపుతోపాటు, అనుబంధ ఆసుపత్రిలో ఆర్థో కేసులు బాగా వస్తాయో లేదో కనుక్కోండి. నా దృష్టిలో భవనం కంటే అదే ముఖ్యం. ప్రభుత్వాసుపత్రులు, కార్పొరేట్ ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, రైల్వే ఆసుపత్రుల్లో టెక్నీషియన్ పోస్టులుంటాయి.

పోస్టింగ్‌లో పడ్డాక అరికాలు కూడా చూడటం అలవాటు చేసుకోండి. మధ్యలో కమిలి నల్లబడి ఉంటే ఈ గాయానికి గుర్తు కావచ్చు, డాక్టరుకు చెప్పాలి. నొప్పితో నిలబడలేనివాళ్లను బలవంతపెట్టొద్దు. పడుకోబెట్టే తీసి, బరువు మోపకుండా తీసినట్టు రికార్డులో రాయండి. నొప్పి తగ్గాక మళ్లీ నిలబెట్టి తీయించాలని డాక్టరుకు ఆ ఒక్క ముక్కతో తెలుస్తుంది.