పిల్లాపాపలతో గుర్రప్పందాలకు: ప్రశ్నలు - జవాబులు

వేసవి సెలవులు దగ్గరపడితే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం "తక్కువ ఖర్చులో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి" అనేవే. ఈసారి చిత్రంగా గుర్రప్పందాల మీద చాలా వచ్చాయి. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లవే అన్నీ. అందుకే ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మేం క్రాయిడన్‌లో ఉంటాం. పిల్లలిద్దరికి తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. థీమ్ పార్కుకు వెళ్లొస్తే ఆ నెలంతా చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. ఆఫీసులో ఒకావిడ రేసులకు వెళ్లండి, చవక అంటోంది. నేనేమో రేసులంటే పెద్ద పెద్ద టోపీలు, షాంపేన్ గ్లాసులు అనుకుంటున్నాను. మాలాంటి వాళ్లు వెళ్లొచ్చా?

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. టోపీలు, షాంపేన్ ఏడాదిలో కొన్ని రోజుల ముచ్చట. టీవీలో కనిపించేవి అవే కాబట్టి మనకు అలా అనిపిస్తుంది. ఈ దేశంలో 59 రేసు కోర్సులున్నాయి. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట రేసులు జరుగుతూనే ఉంటాయి. మామూలు మంగళవారమో గురువారమో మధ్యాహ్నం పూట స్టాండ్లు సగం ఖాళీగానే ఉంటాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే 18 ఏళ్లలోపు పిల్లలకు చాలా కోర్సుల్లో టికెట్టే లేదు. అంటే మీరు కొనాల్సినవి రెండు. పెద్ద పండగ రోజుల్లో ఈ సౌకర్యం మారుతుంది కాబట్టి కొనేముందు ఆ కోర్సు వెబ్‌సైట్ ఒకసారి చూడండి. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే గేటు దగ్గర కొన్నదానికన్నా సాధారణంగా తగ్గుతుంది.

మీకు లింగ్‌ఫీల్డ్ పార్క్ దగ్గర. ఈస్ట్ క్రాయిడన్‌లో ఎక్కితే రైలు మారక్కర్లేదు, దిగాక కాస్త నడిస్తే మైదానం. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు ఉంటే పెద్దవాళ్ల టికెట్టులో మూడో వంతు, పిల్లల టికెట్టులో 60 శాతం తగ్గుతుంది. ఉదయం రద్దీ వేళ పనికిరాదు, కానీ రేసులు మొదలయ్యేది మధ్యాహ్నమేగా.

వెళ్లాక ఏం చేయాలో చెబుతాను. చాలామంది నేరుగా ముగింపు గీత దగ్గరికి పరుగెత్తి కంచె పట్టుకు నిలబడతారు. పిల్లలతో వెళ్లినవాళ్లు ముందు పెరేడ్ రింగ్ దగ్గరికి వెళ్లాలి. పరుగుకు ముందు గుర్రాలను అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. కంచెకు ఇవతల మీ ఆరేళ్ల పాప, అవతల రెండు మూడు అడుగుల్లో అయిదొందల కిలోల జంతువు. చర్మం కింద నరాలు ఉబ్బి కనిపిస్తాయి, మెడ మీద చెమట నురగ కడుతుంది, ముక్కుపుటాలు బుస్సుమంటాయి. ఒకటి తల ఎగరేస్తే పట్టుకున్న మనిషి కాలి వేళ్ల మీదకి లేస్తాడు. ఇంతలో రంగురంగుల చొక్కాల జాకీలు వస్తారు. ఎవరో ఒకరు మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తితే చటుక్కున జీనెక్కుతారు. జాకీలు అంత చిన్నగా ఉంటారని పిల్లలకు అప్పుడే తెలుస్తుంది. అక్కడ ఎవరి గుర్రాన్ని వాళ్లు ఎంచుకోమనండి. చొక్కా రంగు చూసి కానీ, పేరు చూసి కానీ. గుర్రం పేరు పద్దెనిమిది అక్షరాలు దాటకూడదన్న నియమం ఉంది కాబట్టి కొన్ని పేర్లు తమాషాగా మాటలన్నీ అతుక్కుపోయి ఉంటాయి. మీ తొమ్మిదేళ్లవాడు అవి చదువుతూ అరగంట గడిపేస్తాడు.

మధ్యాహ్నం మొత్తానికి ఆరో ఏడో రేసులు, ఒక్కోదానికీ మధ్య అరగంట పైన. అయిదు ఫర్లాంగుల పరుగు నిమిషంలో అయిపోతుంది. లెక్క వేస్తే నాలుగు గంటల్లో గుర్రాలు పరుగెత్తేది పావుగంటో, ఇంకాస్తో. మిగతా సమయమంతా పచ్చిక, ఎండ, తిండి. ఈ సంగతి తెలిసి వెళితే ఇది రేసులున్న పిక్నిక్. తెలియక వెళితే ఆ ఖాళీ సమయాన్ని బీరు స్టాళ్లు, బర్గర్ బండ్లు, పందేలు కట్టించుకునే బుకీలు నింపేస్తారు. ఖర్చయ్యేది గేటు దగ్గర కాదు, గేటు దాటాకే.

ప్రశ్న: ఎప్సమ్ డెర్బీని డబ్బులు కట్టకుండా చూడొచ్చంటున్నారు. నిజమా? నిజమైతే అంత పేరున్న రేసు వదిలేసి వేరేచోటికి ఎందుకు పోవాలి?

జవాబు: నిజమే. ఎప్సమ్ డౌన్స్‌లో ట్రాక్ గుర్రపు నాడా ఆకారంలో వంగి ఉంటుంది. ఆ వంపు లోపలి గుట్టనే ది హిల్ అంటారు. అక్కడికి రావడానికి జనానికి టికెట్టు లేదు. డెర్బీ 1780 నుంచి జరుగుతోంది. ఒకటిన్నర మైలు పరుగు, మొదట ఎక్కుడు, తర్వాత దిగుడు, దిగుతూనే టాటెన్‌హమ్ కార్నర్ దగ్గర ఎడమకు మలుపు. 1913లో ఓటుహక్కు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డంగా వెళ్లి పడిపోయింది ఆ మలుపు దగ్గరే. నాలుగు రోజులకు చనిపోయింది. బళ్లో ఈ పాఠం చదివిన పిల్లలుంటే ఆ చోటు చూపించండి.

ఎందుకు పోవాలి అన్నారు కదా, అదీ చెబుతాను. హిల్ మీద నుంచి గుర్రాలు కనిపించేది క్షణాలు, మిగతాదంతా పెద్ద తెర మీదే. పక్కనే రంగులరాట్నాలు, తిరిగే కప్పులు. అవి ఉచితం కావు. ఇద్దరు పిల్లలు నాలుగేసి ఎక్కితే లింగ్‌ఫీల్డ్ టికెట్టు డబ్బులు అక్కడే అయిపోయాయి. సాయంత్రమయ్యేసరికి తాగినవాళ్ల సందడి ఎక్కువ. నన్నడిగితే పదేళ్లు దాటిన పిల్లలుంటే ఒక్కసారి చూడాల్సిందే. అంతకంటే చిన్నవాళ్లయితే మామూలు రోజు, మామూలు కోర్సు. వెళితే మాత్రం డెర్బీ పరుగు అవగానే బయల్దేరండి. చివరి రేసు దాకా ఆగితే టాటెన్‌హమ్ కార్నర్ స్టేషన్ దగ్గర క్యూలో పిల్లల్ని భుజాన వేసుకు నిలబడాలి.

ప్రశ్న: మా మామయ్యగారు నల్గొండ నుంచి వచ్చి మా దగ్గరున్నారు. పిల్లలతో రేసులకు వెళ్దామంటే ఆయన భోజనం మీద నుంచి లేచిపోయారు. "మలక్‌పేట రేసుల్లో పొలాలు అమ్ముకున్నవాళ్లను చూశాను, మనవల్ని అక్కడికి తీసుకెళ్తారా" అన్నారు. ఆయన్ను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించే ముందు ఆయన చెప్పింది ఒప్పుకోండి. రేసులకు పోయి ఇల్లు గుల్ల చేసుకున్న మనిషి మన ఊళ్లలో ప్రతి చుట్టరికంలోనూ ఒకరు తగుల్తారు. 1996లో మన సుప్రీంకోర్టు గుర్రప్పందెం అదృష్టం మీద కాదు, నేర్పు మీద నడిచేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు పొలం పోయినవాడికి పొలం తిరిగి ఇవ్వలేదు. ఈ దేశంలోనూ జూదంతో చితికిన కుటుంబాలకు లోటు లేదు. మామయ్యగారు భయపడేది గుర్రాన్ని చూసి కాదు, బుకీని చూసి. అందుకే ఆయనతో వాదించకుండా ఒక్క మాట ఇవ్వండి: "మామయ్యా, మేం పైసా పందెం కాయం, పర్సు మీ దగ్గరే ఉంచుకోండి." నిజంగానే ఆయన చేతికివ్వండి. పర్సుకు కాపలాగా అయినా వస్తారు.

రైల్లో ఆయనకు చెప్పడానికి ఒక కబురు: 1934లో ఎప్సమ్ డెర్బీ గెలిచిన విండ్సర్ లాడ్ గుర్రం మన గుజరాత్‌లోని రాజ్‌పిప్లా మహారాజుది. బండెడ్లు, పొట్టేళ్లు తెలిసిన పెద్దవాళ్లు పెరేడ్ రింగ్ దగ్గర మనకంటే బాగా చూస్తారు. కాళ్లు, గిట్టలు, నడక చూసి ఏది అలిసిందో, ఏది ఉషారుగా ఉందో చెప్పేస్తారు. మనవల్ని ఆయనకే అప్పగించండి.

ప్రశ్న: నేను లెస్టర్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. రేసుకు వెళ్లి చిన్న చిన్న పందేలు కాసి టికెట్టు ఖర్చు రాబట్టుకోవచ్చని రూమ్మేట్ అంటున్నాడు. సాధ్యమేనా?

జవాబు: అయిదు గుర్రాలున్న రేసు అనుకో. అన్నింటికీ గెలిచే అవకాశం సమానమే అనుకో. న్యాయంగా అయితే ఒక్కోదాని మీద బుకీ 4/1 ఇవ్వాలి, అంటే పౌండు కాస్తే నీ పౌండుతో కలిపి అయిదు. బుకీ 3/1 ఇస్తాడు. అయిదింటి మీదా పౌండు చొప్పున కాస్తే అయిదు పోయి నాలుగు వస్తాయి. అసలు రేసుల్లో ఈ కోత ఇంత బాహాటంగా కనిపించదు, కానీ బుకీలు ధరలు రాసిపెట్టే ప్రతి పలకలోనూ ఉంటుంది. ఒకరోజు నువ్వు గెలవొచ్చు. టికెట్టు డబ్బులు రాబట్టుకోవడానికి వెళ్లేవాడు మాత్రం గెలిచిన రోజున ఆగడు, ఓడిన రోజున అసలే ఆగడు. కాయాలనే ఉంటే ఇంటి దగ్గరే ఒక మొత్తం అనుకుని, ఆ నోట్లు మాత్రం జేబులో పెట్టుకో. కార్డు గదిలోనే వదిలెయ్. టికెట్టు తగ్గించుకోవాలంటే స్టూడెంట్ డిస్కౌంట్ ఉందేమో అడుగు, చాలా కోర్సుల్లో ఉంటుంది.

ప్రశ్న: నాకు పన్నెండేళ్లు. మా నాన్న రేసులకు తీసుకెళ్తానన్నారు. గుర్రాలను కొడతారు కదా, నాకు వెళ్లాలని లేదు. నేను తప్పా?

జవాబు: తప్పు కాదు తల్లీ. కొడతారన్న మాట నిజం. జాకీ చేతిలో ఉండే కర్రకు మెత్తటి పొర ఉంటుంది. 2023 నుంచి మామూలు పరుగులో ఆరుసార్లు, కంచెలు దూకే పరుగులో ఏడుసార్లకు మించి వాడితే జాకీకి శిక్ష. అది చాలదనేవాళ్లూ ఉన్నారు. దూకే పరుగుల్లో గుర్రాలు పడి చనిపోతుంటాయి. గ్రాండ్ నేషనల్ అనే పేరున్న దూకే పరుగులో గుర్రాలను 2024లో నలభై నుంచి ముప్పైనాలుగుకు తగ్గించింది ప్రమాదాలు తగ్గించాలనే. మామూలు పరుగు దానికంటే నయం, కానీ అందులోనూ ప్రమాదం లేకపోలేదు. గుర్రాలంటే ఇష్టమైతే, రేసు బదులు న్యూమార్కెట్‌కు తీసుకెళ్లమని నాన్నను అడుగు. పొద్దున్నే అక్కడి వారెన్ హిల్ మీద గుర్రాలు వరసలు వరసలుగా సాధన చేస్తుంటాయి. రోడ్డు పక్కన నిలబడి చూడటానికి డబ్బులు అక్కర్లేదు. నాన్నగారికి కూడా ఈ ఉత్తరం చూపించు: అమ్మాయి వద్దంటే బలవంతం చేయకండి.

ప్రశ్న: పులిహోర తీసుకెళ్లనిస్తారా? చీర కట్టుకోవచ్చా?

జవాబు: సొంత తిండి చాలా కోర్సుల్లో, ముఖ్యంగా చవక టికెట్టు విభాగాల్లో (ఎన్‌క్లోజర్లలో) తెచ్చుకోనిస్తారు. కొన్నిచోట్ల వద్దంటారు, కాబట్టి టికెట్టు కొనేటప్పుడే చూసుకోండి. గాజు సీసాలు, మందు సీసాలు గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. చీర హాయిగా కట్టుకోండి, చవక ఎన్‌క్లోజర్లలో ఎవరూ బట్టలు చూడరు. గాలి మాత్రం గట్టిగా వీస్తుంది, పిన్నులు నాలుగు ఎక్కువ పెట్టుకోండి. హీల్స్ వద్దు, తడి పచ్చికలో దిగబడతాయి. కింద పరుచుకోవడానికి దుప్పటి అడుగున ఒక ప్లాస్టిక్ షీటు వేసుకోండి. జూలైలో కూడా.