చూడకుండా వింటే?

పాత పాటలంటే మా నాన్న చెవి కోసుకుంటారు. ఈమధ్య స్పీకర్లకి ఖరీదైన వైరు కొన్నారు. "గొంతు ఎంత తేటగా ఉందో వినమ్మా" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అమ్మ మాత్రం తన తమిళంలో "రెండుం ఒణ్ణుదాన్" అనేసింది.

ఎవరిది నిజం? తేడాని మీటరుతో కొలవొచ్చు. అది మన చెవికి తెలుస్తుందా అన్నది బ్లైండ్ టెస్టులో తేలాలి. ఏ వైరు తగిలించారో వినేవాళ్లకి తెలియకూడదు. వరస బొమ్మాబొరుసు వేసి నిర్ణయించాలి. వాల్యూమ్ సమానంగా ఉండాలి; కాస్త గట్టిగా వినిపించినదే మనకి బాగున్నట్టు తోస్తుంది.

ఆదివారం తమ్ముడు తెర వెనక వైర్లు మార్చాడు. మేం విడివిడిగా చీటీల్లో రాశాం. 10సార్లలో నాన్నవి 5 సరిపోయాయి, నావి 4. ఊరికే ఊహించినా సుమారు సగం కలుస్తాయి. 9 కలిస్తే నమ్మొచ్చు. ఊహతో 9 గానీ 10 గానీ రావడం దాదాపు వందలో ఒకసారే. అయితే ఇంత చిన్న పరీక్షతో తేడా అసలు లేదని అనలేం. మాకు వినబడలేదు, అంతే.

నాన్న చిన్నబుచ్చుకున్నారు. రాత్రి మళ్లీ అదే పాట పెట్టి "నాకిప్పటికీ బాగుందే!" అన్నారు. ఆయన సంతోషం నిజమే. అది వైరు వల్ల వచ్చిందని మాత్రం రుజువు కాలేదు.