శిఖరాన పతాకం

పాఠ్యభాగ ఉద్దేశం: ఉన్నత శిఖరంపై జాతీయ పతాకం ఎగిరిన వార్త వినగానే ప్రతి పౌరుని హృదయం పులకిస్తుంది. ఆ ఒక్క క్షణం వెనుక దాగి ఉన్న సాధనను, సహకారాన్ని, వివేకాన్ని విద్యార్థులు గుర్తించేటట్లు చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

సికింద్రాబాదు నగరం దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మంచు కురవదు. పుష్యమాసపు చలికే నగరవాసులు ఉన్నిబట్టలు వెదుక్కొంటారు. అయినా పర్వతారోహణంలో తొలి పాఠం చెప్పగల గురువులు ఈ నేలపైనే ఉన్నారు. ఎండకు కాగి, వానకు తడిసి నునుపు దేరిన గ్రానైటు గుట్టలే ఆ గురువులు. సికింద్రాబాదు నుండి కాజీపేటకు సాగే రైలుమార్గంలో ఎదురయ్యే భువనగిరి కొండ వాటిలో ప్రసిద్ధమైనది. చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన కోటను శిరసున ధరించిన ఈ ఏకశిల, నేటి కాలంలో శిలారోహణ శిక్షణకు నెలవయింది. ఈ రాతిపై అడుగు నిలపడం నేర్చిన ఇద్దరు విద్యార్థులు 2014 మే 25న ఎవరెస్టు శిఖరంపై నిలిచారు.

వారిలో మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా వాసి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. ఆనాడు ఆ గురుకులాల సంస్థకు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శి. 2007లో ఎవరెస్టును అధిరోహించిన బాచినేపల్లి శేఖర్ బాబు వారికి శిక్షకుడు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఎవరెస్టునెక్కిన బాలిక అంతకుముందు మరొకరు లేరు. ఆ తరువాత ఎనిమిది రోజులకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలయింది. ఆ గెలుపు మాత్రం తెలుగువారందరిదీ అయింది.

ఈ విజయం ఒక్కనాటిది కాదు. భువనగిరి రాతిపై మొదలైన శిక్షణ, డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో కొనసాగింది. ఆ పిమ్మట లడఖ్‌లో శీతకాల శిక్షణ. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20, 30 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఉష్ణమండలపు పల్లెలలో పెరిగిన పిల్లలు ఆ చలిలో నడవడం, నిద్రించడం, బరువు మోయడం అభ్యసించారు. అన్నిటికన్న ముఖ్యంగా తమ శరీరం ఎక్కడ అలసిపోతుందో తెలుసుకొన్నారు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. పదమూడేళ్ళ బాలికను అంతటి అపాయానికి ఎదురు నిలపడం న్యాయమేనా? నేపాల్ వైపు నుండి ఎవరెస్టు ఎక్కాలంటే 16 సంవత్సరాలు నిండాలన్న నియమం ఉంది. పూర్ణ, ఆనంద్ టిబెట్ వైపు నుండి ఎక్కారు. వారు శిఖరం చేరడానికి ఐదు వారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది నేపాలీ పర్వత కార్మికులు మరణించారు. ఇతరుల కోసం దారి సిద్ధం చేస్తూ వారు ప్రాణాలు విడిచారు. విజయం లభించినంత మాత్రాన ఇటువంటి ప్రశ్న రద్దు కాదు. శిఖరంపై ఎగిరే ప్రతి పతాకం వెనుక ఎవరి శ్రమ ఉన్నది, ఎవరి ప్రాణం పణంగా ఉన్నది అని అడగడం దేశభక్తికి విరుద్ధమూ కాదు.

శిఖరానికీ జెండాకూ ముడి పడి చాలాకాలమయింది. 1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ తొలిసారి ఎవరెస్టును అధిరోహించారు. ఆనాడు టెన్జింగ్ చేతి మంచుగొడ్డలికి నాలుగు పతాకాలు కట్టి ఉన్నాయి. అవి ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారతదేశాల పతాకాలు. మరుసటి సంవత్సరం ఇటలీ దేశీయులు రెండవ అత్యున్నత శిఖరమైన కె2 నెక్కారు. 1965లో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వాన తొమ్మిది మంది భారతీయులు ఎవరెస్టుపై నిలిచి దేశానికి కీర్తి తెచ్చారు. 1964 నాటికే 8,000 మీటర్లకు మించిన పదునాలుగు శిఖరాలనూ మానవుడు చేరుకొన్నాడు.

ఆ పోటీలో వెనుకబడిన పోలండ్ దేశీయులు మరొక దారి వెదికారు. ఎవరూ సాహసించని శీతకాలంలో ఎక్కాలని నిశ్చయించుకొన్నారు. శీతకాలంలో ఎవరెస్టుపై పెనుగాలులు వీస్తాయి. పగటి వెలుగు కొద్ది గంటలే ఉంటుంది. శిఖరంపై వాయుపీడనం మామూలుగానే సముద్రమట్టంలో మూడవ వంతు. చలికాలంలో అది మరికొంత తగ్గుతుంది. అంటే ఊపిరికి అందే ప్రాణవాయువు మరింత తగ్గి, కొండ ఇంకా ఎత్తు పెరిగినట్లవుతుంది. అట్టి స్థితిలో 1980 ఫిబ్రవరి 17న ఆంద్రే జవాదా నాయకత్వంలోని దళం నుండి లేషెక్ చీహీ, క్షిష్తోఫ్ వియెలిత్స్కీ ఎవరెస్టును చేరుకొన్నారు. తరువాతి కాలంలో ఒక్కొక్క మహాశిఖరమూ శీతకాలంలో మానవునికి లొంగింది. కె2 మాత్రమే మిగిలింది.

2021 జనవరి 16న ఆ కె2 కూడా లొంగింది. ఎక్కినవారు పదిమందీ నేపాలీయులు. తరతరాలుగా ఇతర దేశాల పతాకాలను, సామగ్రిని మోసిన జాతివారు. ముందుగా చేరినవాడు శిఖరానికి కొద్ది దూరంలో ఆగి తక్కినవారి కోసం వేచి ఉన్నాడు. పదిమందీ కలిసి, జాతీయగీతం పాడుతూ 8,611 మీటర్ల శిఖరంపై అడుగు పెట్టారు. అక్కడ మొదటివాడు ఎవరు అన్న ప్రశ్నకే తావు లేదు. జాతీయాభిమానం ఇంతకన్న ఉదాత్తంగా కనిపించిన సందర్భాలు అరుదు. అయితే కొండ ఎవరికీ శాశ్వత వరమివ్వదు. కొద్ది వారాలకే, ఫిబ్రవరిలో, అదే శిఖరం కోసం వెళ్ళిన పాకిస్తాన్ వీరుడు అలీ సద్పారా, ఇద్దరు సహచరులతో కూడ తిరిగి రాలేదు.

తెలుగువారికీ ఈ దుఃఖం తెలుసు. 1985లో సైనికదళం తరఫున ఎవరెస్టుకు వెళ్ళిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు అక్కడే అమరుడయ్యాడు. ఆయన చదివిన కోరుకొండ సైనిక పాఠశాలలో ఆయన విగ్రహముంది. అదే పాఠశాలలో చదివిన నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామవాసి మల్లి మస్తాన్ బాబుకు ఆ విగ్రహమే స్ఫూర్తి. అతడు 2006 జనవరి 19 నుండి జూలై 10 వరకు, 172 రోజులలో, ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించాడు. ఆ ఏడు ఆరోహణలూ వారంలోని ఏడు వేర్వేరు రోజులలో జరగడం విశేషం. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కుతూ అతడు మరణించాడు. నలభై ఏళ్ళ కుమారుని కోసం స్వగ్రామం చేసినది జయధ్వానం కాదు, అంత్యక్రియలు.

కొండ ఎక్కడం సగం ప్రయాణమే. క్షేమంగా దిగడం తక్కిన సగం. వాతావరణం వికటించినపుడు శిఖరం కనుచూపు మేరలో ఉన్నా వెనుదిరగగల నిగ్రహం కూడ వీరత్వమే. పూర్ణ క్షేమంగా దిగివచ్చింది కనుకనే 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలనూ చేరుకోగలిగింది. ఒక దేశపు ఘనత శిఖరంపై జెండా నిలిచిన క్షణంలో మాత్రమే లేదు. పేదయింటి పిల్లలకు భువనగిరి రాతిపై తాడు పట్టించి, ఓపికగా నేర్పి, వారు తిరిగి వచ్చేవరకు ఎదురుచూసే సమాజంలో ఉంది.

కఠిన పదాలకు అర్థాలు
ఏకశిల = ఒకే రాయి
నెలవు = నివాసం, స్థానం
పిమ్మట = తరువాత
పణం = పందెంలో ఒడ్డినది
ఉదాత్తం = గొప్పది, ఉన్నతమైనది
నిగ్రహం = అదుపు

సంధులు
పర్వత + ఆరోహణం = పర్వతారోహణం (సవర్ణదీర్ఘ సంధి)
అతి + ఉన్నతం = అత్యున్నతం (యణాదేశ సంధి)

ప్రశ్నలు
1. పూర్ణ, ఆనంద్‌ల విజయం వెనుక ఉన్న శిక్షణను వివరించండి.
2. శీతకాల పర్వతారోహణం ఎందుకు కష్టతరమైనది?
3. కె2 శిఖరంపై నేపాలీయులు చాటిన జాతీయాభిమానాన్ని విశ్లేషించండి.
4. “వెనుదిరగగల నిగ్రహం కూడ వీరత్వమే.” ఈ మాటతో మీరు ఏకీభవిస్తారా? సకారణంగా రాయండి.