ప్రోగ్రాము నిర్మాణమునకు ఏ సాధనము?

ప్రోగ్రామును వ్రాయుట ఒక పని; వ్రాసిన ఫైళ్ళన్నింటిని కూర్చి, నడువగల రూపమునకు తెచ్చుట మరియొక పని. మన తరగతులలో మొదటిదానికి దక్కిన స్థానము రెండవదానికి దక్కుట లేదు. ఈ లోటు వలన మేము పడిన చిక్కును ముందుగా మనవి చేసి, పిమ్మట విషయమునకు వత్తుము.

గ్రంథాలయ పట్టికకై మా విద్యార్థులు సి భాషలో ఒక ప్రోగ్రామును సిద్ధము చేసిరి. గ్రంథనామమునకు మొదట 40 బైట్లు కేటాయించిరి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరము 2 బైట్లను, తెలుగు లిపిలోని ప్రతి సంకేతము 3 బైట్లను ఆక్రమించును. గుణింతమునకు, ఒత్తునకు వేరుగా లెక్క. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమునకే 18 బైట్లు! కావున ప్రదర్శనకు ముందు రాత్రి ఆ స్థలమును 120 బైట్లకు పెంచిరి. మార్పు జరిగినది ఒక హెడర్ ఫైలులో. దానిపై ఆధారపడిన 5 ఫైళ్ళలో రెండింటిని మాత్రమే తిరిగి కంపైల్ చేసిరి. మరునాడు కమిటీ పెద్దల సమక్షమున పుస్తకముల పేర్లు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని తెరపై ప్రత్యక్షమైనవి. వ్రాతలో తప్పు లేదు. ఎంత వెదికినను దొరకదు. పాత కొలతతో తయారైన భాగములు క్రొత్త కొలతవానితో కలిసిపోయినవి, అంతే.

ఇట్టి అవస్థయే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలోను కలిగినది. ‘యాక్’ నిర్మాత స్టీవ్ జాన్సన్, అప్పటికే సరిదిద్దిన ప్రోగ్రాములో తప్పు వెదకుచు ఒక ఉదయమంతయు వ్యర్థము చేసికొనెను. సరిదిద్దిన ఫైలు తిరిగి కంపైల్ కాలేదు! ఆయన విసుగే కారణముగా స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో ‘మేక్’ను రూపొందించెను. ఏ లక్ష్యము ఏ ఫైళ్ళపై ఆధారపడునో మనము మేక్‌ఫైలులో వ్రాసియుంచవలెను. ఆధారము లక్ష్యము కంటె క్రొత్తదని కాలముద్రలు చెప్పినచో, మేక్ ఆ లక్ష్యమును మాత్రమే తిరిగి నిర్మించును. అయితే మనము చెప్పని ఆధారమును అది ఎరుగదు. హెడర్ పేరు విడిచినచో మా కథ మరల జరుగును. ఆ జాబితాను జీసీసీ కంపైలరు చేతనే తయారు చేయించుకొనుట మేలు. ఆజ్ఞకు ముందు ట్యాబ్ మీటయే నొక్కవలెను, ఖాళీలు పనికిరావు. ఈ నియమము బాగులేదని ఫెల్డ్‌మన్ గ్రహించునప్పటికే పండ్రెండు మంది వరకు దానిని వాడుచుండిరట. వారికి ఇబ్బంది కలుగునని మార్చలేదు. నేటికిని లోకమంతయు ఆ ఫలము అనుభవించుచున్నది.

జావాలో సంగతి వేరు. 2000లో వచ్చిన ‘యాంట్’లో ప్రతి అడుగును మనమే ఎక్స్ఎంఎల్‌లో చెప్పవలెను. ‘మేవెన్’ తొలి పూర్తి వెర్షను 2004లో వెలువడినది. ఏ ఫైలు ఎచ్చట ఉండవలెనో అదియే నిర్ణయించును. కోరిన లైబ్రరీలను, వాటికి కావలసిన ఇతర లైబ్రరీలను సైతము ఇంటర్నెట్ నుండి తెచ్చి, మన యంత్రముననే దాచియుంచును. ‘గ్రేడిల్’ 1.0 వెర్షను 2012 నాటిది. అందు నిర్మాణలిపియే ఒక ప్రోగ్రాము. గ్రూవీలోగాని, కోట్లిన్‌లోగాని వ్రాయవచ్చును. శక్తి హెచ్చు. కాని తెలివిగల విద్యార్థి తన చాతుర్యమంతయు అందు ప్రదర్శించి వెడలిపోయినచో, మరుసటి సంవత్సరపు వారికి అది అర్థము కాదు. పైగా దాని సేవకప్రక్రియ పని ముగిసినను కొంతకాలము మెమొరీలో నిలిచియుండును. పాత యంత్రములకు అది భారము.

మా అభిప్రాయమున సి ప్రోగ్రామునకు మేక్ చాలును. జావాకు, మెమొరీ తక్కువగల ప్రయోగశాలలో, మేవెన్ ఉచితము. నెట్ సౌకర్యము నిలకడగా లేనిచోట లైబ్రరీలను ముందుగా ఒకసారి దింపుకొని, పిదప ఆఫ్‌లైన్ పద్ధతిలో నడుపవచ్చును. పదుల కొలది విభాగములున్న పెద్ద పనికైనచో గ్రేడిల్‌ను ఆలోచింపవలసినదే.

ఇపుడు మేము ఒక పరీక్ష పెట్టుచున్నాము. ప్రాజెక్టుతో సంబంధము లేని విద్యార్థి ఒకరు, వేరొక యంత్రముపై, మూలప్రతిని మాత్రమే తీసికొని, ఒకే ఆజ్ఞతో దానిని నిర్మింపవలెను. గ్రంథాలయ ప్రోగ్రాము మూడవ ప్రయత్నమున గాని ఇందు నెగ్గలేదు.